బూట్ల వాసన ఎందుకు పుడుతుంది, ఎందుకు తిరిగొస్తుంది, ఎలా పోతుంది

బూట్లు వాసన వస్తున్నాయంటే చాలామంది మొదట చేసే పని లోపల సెంటు కొట్టడం. దాంతో ఆ పూట గట్టెక్కుతుంది. మర్నాడు తొడుక్కున్న గంట రెండు గంటల్లోనే పాత కంపు, సెంటు కలగలిసి ఇంకా ఘాటుగా పైకొస్తాయి. వంటసోడా చల్లినా, నిమ్మతొక్కలు పెట్టినా దాదాపు ఇదే జరుగుతుంది. ఇవన్నీ అప్పటికే పుట్టిన వాసన మీద పనిచేసేవి. వాసనను పుట్టించే బ్యాక్టీరియాకు తిండి, వెచ్చదనం, తడి మూడూ బూటులోనే దొరుకుతాయి. చర్మం రాలడం ఆగదు కాబట్టి తిండిని పూర్తిగా ఆపలేం. పాదం లోపల ఉన్నంతసేపూ వెచ్చదనం తప్పదు. చేతిలో ఉన్నది తడి ఒక్కటే. బూటు పూర్తిగా ఆరకముందే మళ్ళీ తొడుక్కునే అలవాటు ఎన్నాళ్ళు సాగితే అన్నాళ్ళు ఏ మందూ నిలవదు.

చెమటకు లేని వాసన బూటుకు ఎలా వస్తుంది

అరికాలి చర్మంలో స్వేదగ్రంథులు చాలా దట్టంగా, చదరపు సెంటీమీటరుకు 250కి పైగా ఉంటాయి. వీటి నుంచి వచ్చే చెమటలో 99 శాతం దాకా నీరే. మిగిలింది ఉప్పు, లాక్టిక్ ఆమ్లం, యూరియా, కొద్దిపాటి అమైనో ఆమ్లాలు. అప్పుడే పట్టిన చెమటకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. అరికాళ్ళకు వేడికే కాదు, కంగారుకూ చెమట పడుతుంది. చల్లని గదిలో కూర్చుని పరీక్ష రాసేవారి సాక్సులు తడవడానికి అదే కారణం. ఎండ లేని రోజున బూట్లు ఆరబెట్టనక్కర్లేదనుకోవడం అందుకే పొరపాటు.

అరికాలి పైపొర ఒంట్లో మిగతా చర్మం కంటే బాగా మందం. గంటల తరబడి తడిలో నానితే ఆ పొర తెల్లగా మెత్తబడి పొరలు పొరలుగా రాలుతుంది. ఈ రాలిన చర్మం, చెమటలోని అమైనో ఆమ్లాలు కలిస్తే బ్యాక్టీరియాకు కడుపునిండా భోజనం. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియా, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి ఐసోవలెరిక్ ఆమ్లంగా మారుస్తుంది. పాదాల కంపు అనగానే గుర్తొచ్చే పుల్లని, పాత జున్ను (చీజ్) లాంటి వాసన ప్రధానంగా దీనిదే. గాలిలో అతి కొద్దిగా ఉన్నా ముక్కు దీన్ని పసిగడుతుంది. అందుకే బూటును తొంభై శాతం శుభ్రం చేసినా వాసన పోయినట్టు అనిపించదు. పాదాలు మరీ ఘాటుగా వాసన వచ్చేవారిలో బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో బ్యాక్టీరియా కూడా కనిపిస్తుంది. దీనితో ఒక చిక్కు ఉంది. ఇది స్పోరులుగా, అంటే గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపంలోకి, మారగలదు. ఆ స్పోరులు ఎండకూ, స్పిరిట్‌కూ తేలిగ్గా చావవు.

బ్రెవిబ్యాక్టీరియం జాతివి ఇంకో దారి పడతాయి. అవి మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మీథేన్‌థయాల్ అనే గంధక వాయువును పుట్టిస్తాయి. దాని వాసన కుళ్ళిన క్యాబేజీని తలపిస్తుంది. లింబర్గర్ వంటి ఘాటు జున్నుల పైపొర మీద పెరిగేవి కూడా ఈ జాతివే కాబట్టి, పాదాల వాసనకూ జున్ను వాసనకూ ఉన్నది ఉత్త పోలిక కాదు, చుట్టరికమే. ఆఫ్రికాలో మలేరియాను మోసే అనాఫిలిస్ గాంబియే దోమ పాదాల వాసనకు వచ్చినట్టే లింబర్గర్ జున్ను వాసనకూ వస్తుందని 1990లలో ప్రయోగాల్లో తేలింది.

ముక్కుతోనే మొదటి పరీక్ష

ఏ వాసనో గుర్తుపడితే సగం పని అయినట్టే. పులిసిన, జున్నులాంటి వాసనైతే అది ఆమ్లాలది. ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద ఉండే మెత్త), సాక్స్ కడిగి బూటు ఆరబెడితే సాధారణంగా లొంగుతుంది. కుళ్ళిన క్యాబేజీ, మురిగిన గుడ్డు వాసన అయితే పాదం చర్మాన్ని ఒకసారి వెలుతురులో చూడాలి. బూటును ఎంత కడిగినా మూలం చర్మంలోనే ఉండవచ్చు. మట్టి వాసన, ముక్కిన బట్టల వాసన అయితే అది బూజు. తరచూ తొడిగే బూట్ల కంటే నెలల తరబడి మూసిన అరలో ఉన్నవాటికి ఇది ఎక్కువగా పడుతుంది. కొత్త బూట్లలో వచ్చే ఘాటు రబ్బరు, జిగురు వాసనకు బ్యాక్టీరియాతో సంబంధమే లేదు. గాలి ఆడే చోట కొన్ని రోజులు ఉంచితే తగ్గుతుంది.

తర్వాత, వాసన ఎక్కడ కూర్చుందో చూడాలి. ఒక రోజు తొడిగిన బూట్ల నుంచి ఇన్‌సోల్ బయటికి తీసి దాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో, సాక్సును మరో సంచిలో మూతి కట్టి ఉంచి, బూటును విడిగా పెట్టాలి. అరగంట తర్వాత ఒక్కొక్కటీ వాసన చూడాలి. చాలాసార్లు ఇన్‌సోల్ సంచే ఎక్కువ ఘాటుగా ఉంటుంది. చెమట నేరుగా ఇంకేది అందులోనే, బరువు పడి నలిగేది అదే, బయటి గాలి తగలనిదీ అదే. బూటు లోపలి గుడ్డ బాగానే ఉండి ఇన్‌సోల్ మాత్రం కంపు కొడితే బూటు కడిగే శ్రమ అవసరం లేదు. ఇన్‌సోల్ మార్చేస్తే చాలు. ఉతికి ఆరిన సాక్సు కూడా వెచ్చని అరచేతుల మధ్య నలిపితే వాసన వస్తోందంటే లోపం ఉతకడంలో ఉంది.

ఆరబెట్టడం: అందరూ తేలిగ్గా తీసుకునే అసలు పని

బూటు పైకి పొడిగా కనిపించడానికీ, లోపల ఆరడానికీ చాలా తేడా ఉంది. చేతితో తడిమితే తెలియదు. వంటింటి తూకం ఉంటే ఖచ్చితంగా తెలుసుకోవచ్చు. బాగా ఆరిన బూటు బరువు ఒకసారి రాసిపెట్టుకుని, రోజంతా తొడిగి విప్పాక మళ్ళీ తూచాలి. పెరిగిన ఒక్కో గ్రాము దాదాపు ఒక్కో మిల్లీలీటరు చెమట. తూచే ముందు అడుగున అంటిన మట్టి తుడవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఆ రాత్రి అలాగే వదిలేసి పొద్దున మళ్ళీ తూచితే, పాత బరువుకు ఎంత దూరంలో ఉందో కనిపిస్తుంది. మందమైన స్పోర్ట్స్ షూ, లోపల నురుగు మెత్తలున్న షూ ఒక్క రాత్రిలో పూర్తిగా ఆరకపోవడం మామూలే. ప్రతిరోజూ కొంత తడి మిగిలిపోతే బ్యాక్టీరియాకు విరామమే ఉండదు. రెండు జతలు మార్చి మార్చి తొడగమనేది అందుకే. విప్పిన జతకు కనీసం 24 గంటలు, బాగా చెమట పట్టేవారికి 48 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. వాసనకు ఉన్న ఉపాయాలన్నిటిలో ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకోవాలి. పొడులూ స్ప్రేలూ దీని తర్వాతే.

ఆరబెట్టే పద్ధతి కూడా ఫలితాన్ని మారుస్తుంది. విప్పిన వెంటనే లేసులు పూర్తిగా వదులు చేసి, నాలుకను ముందుకు లాగి, ఇన్‌సోల్ తీసి విడిగా నిలబెట్టాలి. ఇన్‌సోల్ లోపలే ఉంటే దాని కింది తడికి బయటికి దారి ఉండదు. బూటులో చివరగా ఆరేది వేళ్ళు ఉండే ముందు భాగం. అది ఒకవైపు మూసుకుపోయిన గొట్టం కాబట్టి లోపలి గాలి కదలదు. చిన్న ఫ్యాన్‌ను బూటు నోట్లోకి గాలి కొట్టేలా పెడితే ఈ చిక్కు తీరుతుంది. వేడి గాలి అవసరం లేదు, కదిలే గాలి చాలు.

వానలో తడిసిన బూట్లలో కాగితం కుక్కడం మంచి పద్ధతే, అయితే సగం మంది దాన్ని చెడగొట్టుకుంటారు. కాగితం మొదటి గంట రెండు గంటల్లో తడిని బాగా పీలుస్తుంది. ఆ తర్వాత కూడా లోపలే ఉంచితే తడి ముద్దగా మారి గాలిని అడ్డుకుంటుంది. కాబట్టి గంటకోసారి మార్చాలి. రెండు మూడు సార్లు మార్చాక పూర్తిగా తీసేసి గాలికి వదలాలి. లేత రంగు బూట్లలో అచ్చు కాగితం పెడితే సిరా అంటుతుంది. వాటికి తెల్ల కాగితం వాడాలి.

హీటర్, పొయ్యి, హెయిర్ డ్రైయర్ వేడి గాలి వద్దు. బూట్ల అడుగులను అంటించే జిగుర్లు చాలావరకు 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడతాయి, తోలు ముడుచుకుని పగులుతుంది. ఎండ సంగతీ ఇలాంటిదే. కాసేపు తగిలితే తడి త్వరగా పోతుంది, కానీ అతినీలలోహిత కిరణాలు బూటు లోపలికి, అసలు బ్యాక్టీరియా ఉన్న చోటికి చేరవు. రోజుల తరబడి ఎండలో పెడితే రంగు వెలిసి, రబ్బరు పెళుసుబారుతుంది. ఇన్‌సోల్‌ను మాత్రం విడిగా తీసి గంటా రెండు గంటలు ఎండలో తిప్పి తిప్పి పెట్టడం మంచిదే.

గాలిలోనే తేమ నిండిపోయిన వానాకాలపు రోజుల్లో ఫ్యాన్ కూడా అంతంతమాత్రం. తేమ 80 శాతం దాటిన గాలి బూటు నుంచి తీసుకోగలిగేది కొంచెమే. అప్పుడు సిలికా జెల్ పనికొస్తుంది. గాలి చొరబడని డబ్బాలో బూట్లతో పాటు 200 గ్రాముల సిలికా జెల్ పెట్టి మూతపెడితే, దాని బరువులో పావు వంతు దాకా, అంటే 50 మిల్లీలీటర్ల వరకు నీటిని పీల్చుకోగలదు. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే చిన్న పొట్లాలు గ్రాము రెండు గ్రాములే ఉంటాయి. ఒకటో రెండో వేస్తే ఏమీ జరగదు. నిండిపోయిన సిలికా జెల్‌ను ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంట రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. ఆహారం వండే పాత్రలో మాత్రం పెట్టకూడదు. తేమ తగిలితే రంగు మారే రకాల్లో నీలంవాటిలో కోబాల్ట్ క్లోరైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది, నారింజ రంగువి తీసుకోవడం మేలు.

విప్పిన బూట్లను అప్పటికప్పుడు మూసిన అరలో, సంచిలో పెట్టేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఆటకు వెళ్ళొచ్చి తడి బూట్లను సంచిలోనే మర్నాటి దాకా ఉంచితే, లోపలి వెచ్చదనం, తడి రెండూ బ్యాక్టీరియాకు ఒక రాత్రంతా అదనంగా దొరుకుతాయి.

కడగడం

ఇన్‌సోల్ కడగడానికి లీటరు గోరువెచ్చని నీటిలో ఒక చెంచాడు ఎంజైములున్న బట్టల సబ్బు పొడి కలిపి అరగంట నానబెట్టాలి. ఎంజైములు ఎందుకంటే, రాలిన చర్మం ప్రొటీన్. ప్రొటీన్‌ను ముక్కలు చేసే ప్రొటియేజ్ దాన్ని వదలగొడుతుంది, ఉత్త సబ్బుకు అది అంతగా సాధ్యం కాదు. నీళ్ళు మరీ వేడిగా ఉంటే ఎంజైము పాడవుతుంది, 40 డిగ్రీలు సరిపోతుంది. మెత్తని బ్రష్‌తో రెండు వైపులా రుద్ది, నురగ రావడం ఆగేదాకా జాడించాలి. మిగిలిపోయిన సబ్బు ఆరాక జిగటగా మారి కొత్త మురికిని పట్టుకుంటుంది. పిండేటప్పుడు మెలి తిప్పితే నురుగు చిరుగుతుంది. రెండు తువ్వాళ్ళ మధ్య పెట్టి అదిమి నీరు తీయాలి. ఆ తర్వాత ఒక రోజంతా ఆరనివ్వాలి. తోలు, కార్క్ ఇన్‌సోళ్ళను నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

కడిగి పూర్తిగా ఆరినా పుల్లని వాసన వస్తుంటే సోడియం పెర్కార్బొనేట్ ఉన్న ఆక్సిజన్ బ్లీచ్ వాడవచ్చు. లీటరు గోరువెచ్చని నీటికి ఒక పెద్ద చెంచా, గంట సేపు. చేతికి తొడుగు ఉండాలి, రంగు పోతుందేమో ముందుగా ఒక మూలలో చూసుకోవాలి. తోలుకు, ఉన్నికి, పట్టుకు ఇది పనికిరాదు. క్లోరిన్ బ్లీచ్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది. రంగు తినేయడమే కాక సాగే దారాలను బలహీనం చేస్తుంది. దాన్ని వెనిగర్‌తో కలిపితే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

కాన్వాస్ బూట్లను లేసులు, ఇన్‌సోళ్ళు తీసేసి, జాలీ సంచిలో వేసి 30 డిగ్రీల మెల్లని సైకిల్‌లో వాషింగ్ మెషీన్‌లో ఉతకవచ్చు. డ్రైయర్‌లో మాత్రం వేయకూడదు. తోలు, స్వెడ్ (నూగు తోలు) బూట్లకు మెషీన్ వద్దు. తోలు బూటు లోపల శుభ్రం చేయాలంటే తేలికపాటి సబ్బు నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఉత్త తడిగుడ్డతో మళ్ళీ తుడిచి, నీడలో ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. రంగు పూయని దేవదారు చెక్క అచ్చును ఆ తర్వాత లోపల పెడితే కొంత తేమను పీలుస్తుంది, తోలు ముడతలు పడకుండా నిలబెడుతుంది.

బూటును కడిగి సగం ఆరాక తొడుక్కుంటే కడగనిదానికంటే ముందే వాసన వస్తుంది. తీరిక లేని వారంలో కడగకుండా ఉండటమే మేలు. రెండు రోజులు ఎదురుచూడగలిగినప్పుడే నీళ్ళు ముట్టించాలి.

ఇంటి చిట్కాల్లో దేనికి ఎంత బలం

వంటసోడా నిజంగా పనిచేస్తుంది, అయితే ఎంతవరకో తెలిసి వాడాలి. ఐసోవలెరిక్ వంటి ఆమ్లాలు ఆవిరై ముక్కుకు చేరితేనే వాసన. సోడా క్షారం కాబట్టి ఆ ఆమ్లాన్ని లవణంగా మారుస్తుంది. లవణం ఆవిరి కాదు, కాబట్టి వాసన ఆగుతుంది. బ్యాక్టీరియా మాత్రం చావదు. రేపు కొత్త ఆమ్లం తయారవుతుంది. గంధకపు వాసనల మీద సోడా ప్రభావం తక్కువ. ఒక్కో బూటులో ఒకటి రెండు చెంచాలు చల్లి, వేళ్ళ వైపు చేరేలా కుదిపి, రాత్రంతా ఉంచి పొద్దున పూర్తిగా దులపాలి. బూటు తడిగా ఉన్నప్పుడు చల్లితే ముద్దకట్టి తెల్ల మరకలు పడతాయి, ఆ ముద్ద మళ్ళీ తడిని పట్టి ఉంచుతుంది. తోలుకు క్షారం మంచిది కాదు, పల్చని గుడ్డ మూటలో కట్టి పెట్టాలి.

వెనిగర్‌ను సమానంగా నీళ్ళు కలిపి లోపలి గుడ్డ మీద చిలకరిస్తే కొన్ని బ్యాక్టీరియాలను అణుస్తుంది. ఘాటు కొన్ని గంటల్లో పోతుంది. సోడా, వెనిగర్ కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది గానీ, రెండూ ఒకదాన్నొకటి చంపుకుని నీళ్ళు, సోడియం ఎసిటేట్, కార్బన్ డయాక్సైడ్ మిగులుతాయి. ఆ పొంగు చూసి శుభ్రపడిందనుకోవడం భ్రమ. రెండూ వాడాలనుకుంటే వేర్వేరు రోజుల్లో వాడాలి.

70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (స్పిరిట్) నాకు నచ్చిన ఇంటి మందు. 99 శాతం ఉన్నదానికంటే ఇదే బాగా పనిచేస్తుంది. నీరు ఉండటం వల్ల మెల్లగా ఆవిరై, బ్యాక్టీరియా ప్రొటీన్లను గడ్డకట్టించే వ్యవధి దొరుకుతుంది. ఇన్‌సోల్, లోపలి గుడ్డ తడిసేలా చిలకరించి గాలికి ఆరనివ్వాలి. నిప్పుకు, పొయ్యికి దూరంగా ఈ పని చేయాలి. తోలు మెరుగును, కొన్ని రంగులను కరిగిస్తుంది కాబట్టి కనపడని మూలలో ముందు పరీక్షించాలి. స్పోరులను చంపదు, అందుకే వారానికోసారి మళ్ళీ అవసరమవుతుంది.

బూట్లను సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర చర్మపు బ్యాక్టీరియా ఎక్కువ భాగం నిద్రపోతుందే తప్ప చావదు. చల్లగా ఉన్నప్పుడు వాసన పదార్థాలు తక్కువగా ఆవిరవుతాయి కాబట్టి బయటికి తీసిన కాసేపు బాగున్నట్టు అనిపిస్తుంది. ఉత్తేజిత బొగ్గు సంచులు గాలిలోని వాసనను కొంత పట్టుకుంటాయి. ఎండలో పెడితే మళ్ళీ కొత్తవవుతాయనే మాట పూర్తిగా నిజం కాదు, ఆ వేడికి పైతడి పోతుంది గానీ బొగ్గు రంధ్రాల్లో ఇరుక్కున్నవన్నీ బయటికి రావు.

సాక్సులు

సాక్సు లేకుండా బూటు తొడిగితే చెమట, చర్మం మొత్తం ఇన్‌సోల్‌లోకే పోతాయి. సాక్సును రోజూ ఉతకగలం, ఇన్‌సోల్‌ను రోజూ ఉతకలేం. తేడా అంతా అక్కడే ఉంది. నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను సహజంగా పట్టి ఉంచుతుంది, ఉన్ని 16 శాతం, పాలిస్టర్ అర శాతం లోపే. పాలిస్టర్ నీటిని పీల్చదు కాబట్టి త్వరగా ఆరుతుంది, కానీ వాసన పదార్థాలు దాన్ని గట్టిగా అంటుకుని ఉతికినా పూర్తిగా వదలవు. నూలు సౌకర్యమే, అయితే ఒకసారి నిండుగా తడిసిందంటే పాదానికి తడిపట్టీ కట్టినట్టే. బాగా చెమట పట్టేవారికి పలుచని ఉన్ని కలిసిన సాక్సు మంచి ఎంపిక. ఏ రకమైనా మధ్యాహ్నం ఒకసారి మార్చుకుంటే బూటులోకి దిగే తడి బాగా తగ్గుతుంది.

ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పాలి. చర్మపు మురికంతా అటే ఉంటుంది. బట్ట తట్టుకుంటే 60 డిగ్రీల నీరు మేలు, లేకపోతే తక్కువ వేడిలో ఆక్సిజన్ బ్లీచ్ కలపాలి. బట్టలు మెత్తబరిచే ద్రవం సాక్సులకు వాడకూడదు. అది దారాల మీద పూతలా పేరుకుని తేమ పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది.

పాదం సంగతి

స్నానంలో ఒంటి మీది సబ్బు నీళ్ళు కాళ్ళ మీదుగా జారినంత మాత్రాన పాదాలు శుభ్రపడవు. చేత్తో సబ్బు పట్టించి ప్రతి వేలి సందూ రుద్దాలి, తర్వాత ప్రతి సందూ తుడిచి ఆరబెట్టాలి. తుడవడమే ఎక్కువమంది వదిలేసే భాగం. మడమల దగ్గర గట్టిపడిన చర్మాన్ని వారానికి ఒకటి రెండు సార్లు స్నానం తర్వాత ప్యూమిస్ రాయితో మెల్లగా అరగదీస్తే బ్యాక్టీరియాకు తిండి తగ్గుతుంది.

చెమటే మరీ ఎక్కువైతే అల్యూమినియం క్లోరైడ్ ఉన్న మందు పనిచేస్తుంది. సాధారణంగా 20 శాతం ద్రావణం దొరుకుతుంది. రాత్రి పడుకునే ముందు, పూర్తిగా పొడిగా ఉన్న అరికాళ్ళకు రాసి పొద్దున కడిగేయాలి. రాత్రే ఎందుకంటే అప్పుడు చెమట తక్కువ, మందు స్వేదగ్రంథుల నోళ్ళలో కూర్చుని వాటిని తాత్కాలికంగా మూయగలుగుతుంది. తడి చర్మం మీద రాస్తే నీటితో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి మంట, దురద పెడుతుంది. ఈ మందు పడలేదని మానేసేవారిలో చాలామంది చేసిన తప్పు ఇదే. మొదట వరుసగా కొన్ని రాత్రులు రాసి, చెమట తగ్గాక వారానికి ఒకటి రెండు సార్లకు తగ్గించాలి. పగుళ్ళు, పుండ్లు ఉన్నచోట రాయకూడదు. దీనికీ లొంగని చెమటకు చర్మవైద్యులు అయాంటోఫోరెసిస్ చేస్తారు. పాదాలను నీటి తొట్టెల్లో ఉంచి కొద్దిపాటి విద్యుత్తును పంపే పద్ధతి ఇది.

రెండు జబ్బులను గుర్తుపట్టడం అవసరం. అరికాలి మీద, ముఖ్యంగా బరువు పడే మడమ, వేళ్ళ మొదళ్ళ దగ్గర, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు కనిపించి, పాదం తడిసినప్పుడు అవి ఇంకా స్పష్టమై, భరించలేని వాసన వస్తుంటే అది పిట్టెడ్ కెరటోలైసిస్ కావచ్చు. కైటోకాకస్ సెడెంటేరియస్, కొరినీబ్యాక్టీరియం వంటి బ్యాక్టీరియాలు చర్మంలోని కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌ను కరిగించి చేసే గుంటలవి. చాలామంది దీన్ని ఫంగస్ అనుకుని ఫంగస్ మందు రాసి విసిగిపోతారు. దీనికి కావలసింది డాక్టర్ రాసే పైపూత యాంటీబయాటిక్, దానితో పాటు పాదం పొడిగా ఉంచడం. వేళ్ళ సందుల్లో, ముఖ్యంగా చిటికెన వేలి పక్కన, తెల్లగా నాని పొరలు లేచి దురద పెడితే అది ఫంగస్. దానికి 1 శాతం టెర్బినాఫిన్ క్రీము ఒకటి రెండు వారాలు రాయాలి. దురద పోయిన రోజే ఆపేస్తే తిరగబెడుతుంది. ఫంగస్ సొంతంగా అంత కంపు కొట్టదు గానీ, చీలిన చర్మంలోకి బ్యాక్టీరియాకు దారి వేస్తుంది. చికిత్స జరిగే రోజుల్లో బూట్లలో కూడా ఫంగస్‌ను చంపే పొడి చల్లాలి, లేకపోతే పాదం నయమయ్యాక బూటు నుంచి మళ్ళీ అంటుతుంది.

మధుమేహం ఉన్నవారు, పాదాల్లో స్పర్శ తగ్గినవారు వెనిగర్ నీళ్ళలో, వేడి నీళ్ళలో పాదాలు నానబెట్టే చిట్కాలు, ప్యూమిస్ రాయి, ఘాటు మందులు సొంతంగా ప్రయత్నించకూడదు. చిన్న గాయం తెలియకుండానే పెద్ద పుండు కాగలదు. వారికి వాసన మారడం, ఒక్క పాదమే వాసన రావడం డాక్టర్‌కు చూపించాల్సిన లక్షణాలు.

ఎప్పుడు పారేయాలి

ఇన్‌సోల్ మార్చి, లోపల తుడిచి, స్పిరిట్ చిలకరించి, రెండు రోజులు ఆరబెట్టాక కూడా పొడి బూటు వాసన వస్తోందంటే చెమట అడుగునున్న నురుగులోకి, జిగురు పొరలోకి దిగిపోయింది. దాన్ని బయటికి తీసే మార్గం ఇంట్లో లేదు. లోపలి గుడ్డ చిరిగి నురుగు బయటపడినా, బూజు మచ్చలు తుడిచాక మళ్ళీ మళ్ళీ లేస్తున్నా ఆ జత పని అయిపోయినట్టే. కొత్త జత తొడిగే ముందు పాత సాక్సులన్నీ ఆక్సిజన్ బ్లీచ్‌తో ఒకసారి ఉతకాలి, పాదాలకు ఫంగస్ గానీ గుంటలు గానీ ఉంటే ముందు నయం చేసుకోవాలి. కొత్త బూటు కొనేటప్పుడు ఇన్‌సోల్ ఊడివచ్చే రకమో కాదో వేలు పెట్టి ఎత్తి చూడాలి, పైభాగం జాలీ గుడ్డో తోలో అయితే మంచిది. ప్లాస్టిక్ పూత పూసిన నకిలీ తోలులోంచి ఆవిరి బయటికి పోదు. అలాంటి బూటు తప్పనిసరైతే ఒకే రకంవి రెండు జతల ఇన్‌సోళ్ళు ఉంచుకుని, ఒకటి బూటులో ఉన్నప్పుడు రెండోది గాలికి ఆరేలా రోజూ మార్చాలి.